‘చీర ఎవరికి?’ అనే గడి

కరోనా రెండో విడత తగ్గుముఖం పట్టిన ఏడాది, ఆషాఢ మాసం చివరి వారంలో, చీరాల పక్కన ఉన్న ఒక నేత సహకార సంఘానికి కార్యదర్శిగా అదనపు బాధ్యతలు అప్పగిస్తూ నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను చేనేత శాఖలో అభివృద్ధి అధికారిని. పదవీ విరమణకి ఇంకా మూడేళ్లుంది. అదనపు బాధ్యత అంటే ఏమిటో తెలియనివారికి చెబుతున్నాను. కుర్చీలు రెండవుతాయి, మనిషి ఒక్కడే ఉంటాడు, జీతం కూడా ఒక్కటే ఉంటుంది. సంఘం పేరు ఇక్కడ రాయడం లేదు. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకు మార్చానో చదివాక మీకే అర్థమవుతుంది.

నేను వెళ్లేసరికి సంఘం గోడౌన్‌లో చీరలు అటకదాకా పేరుకుపోయి ఉన్నాయి. రెండేళ్లుగా పెళ్లిళ్లు సరిగ్గా జరగలేదు, షాపులవాళ్లు సరుకు ఎత్తలేదు. నాకన్నా ముందు పనిచేసిన కార్యదర్శి కాస్త చురుకైనవాడు. చీరలకి ఫొటోలు తీయించి, ఇంటర్నెట్‌లో సంఘానికి సొంత దుకాణం ఒకటి తెరిపించి వెళ్లాడు. జనరల్ బాడీ, అంటే సభ్యులందరూ కూర్చునే సమావేశం, దానికి శ్రావణం చివరిదాకా గడువు ఇచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాల కోసమని ఇరవై మగ్గాలు కేటాయించారు. దుకాణం నిలబడితే ఆ మగ్గాలు సంఘానికే నేస్తాయి. నిలబడకపోతే మళ్లీ మాస్టర్ వీవర్ చేతికి వెళ్తాయి. మాస్టర్ వీవర్ అంటే నూలు ఇచ్చి, చీర తీసుకుని, మజూరీ చేతిలో పెట్టే వ్యాపారి. ఆయన దగ్గర నేసేటప్పుడు ఏ రంగు వేయాలో, ఏ అంచు తిప్పాలో నేతగాడిని ఎవరూ అడగరు.

ఆ ఇరవై మగ్గాల్లో ఒకటి పద్మ ఇంట్లో ఉంది. పద్మ మా కంప్యూటర్ ఆపరేటర్. ముప్పై అయిదేళ్లుంటాయి. భర్త మగ్గం మీద కూర్చుంటాడు, ఈమె కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. ఆన్‌లైన్ దుకాణం మూతపడితే ఆ ఇంట్లో రెండు పనులూ ఒకేసారి పోతాయి. ఆ సంగతి ఆమె ఎప్పుడూ నోటితో అనలేదు. నాకు టీ తెప్పించిన ప్రతిసారీ మొహంలో కనిపించేది.

చేరిన రెండో రోజే నేను దుకాణం ఆర్డర్ ఫారం పరిశీలించాను. పేరు, ఫోను, చిరునామా. అంతే ఉంది. ముప్పై ఏళ్లు ప్రభుత్వ కొలువు చేసినవాడికి మూడు గళ్ల ఫారం చూస్తే ఒంటి మీద చొక్కా లేని మనిషిని చూసినట్టుంటుంది. నేను కూర్చుని దాన్ని సవరించాను. తండ్రి లేక భర్త పేరు, వయసు, వృత్తి, ఆధార్ నంబరు చేర్చాను. సంఘం సభ్యత్వ దరఖాస్తును నమూనాగా పెట్టుకున్నాను కాబట్టి నామినీ పేరు కూడా వచ్చి చేరింది. ఆఖరున నా సొంత బుర్రతో ఇంకో గడి పెట్టాను. ‘చీర ఎవరికి?’ తల్లికా, అత్తకా, కూతురికా తెలిస్తే ఏ వయసువాళ్లకి ఏ అంచులు నచ్చుతున్నాయో పై ఆఫీసుకి నివేదిక పంపవచ్చని నా ఆలోచన.

పద్మ ఆ కాగితం చూసి, "సార్, చీరకి ఆధార్ ఎందుకండీ?" అంది.

"ఉండనీయమ్మా, ఎప్పుడో పనికొస్తుంది," అన్నాను.

మా ఆఫీసుల్లో సగం బీరువాలు ఈ ఒక్క మాట మీదే నిండాయి. అప్పుడు నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. నామినీ గడి మాత్రం పద్మ పోరు పడలేక తీసేశాను. కొన్న మనిషికి ఏమన్నా అయితే చీర ఎవరికి చెందాలో రాయించుకోవడం అంత బాగుండదని ఆమె అభిప్రాయం.

ఇక మా అధ్యక్షుడు కోటయ్య గారి గురించి చెప్పాలి. డెబ్బై ఏళ్ల మనిషి, మంచి నేతగాడు. ఆయనకి అసలు పేరు తెచ్చింది మాత్రం నేత కాదు, గొంతు. మా వైపు పెళ్లిళ్లలో చదివింపులని ఒక తంతు ఉంటుంది. బంధువులు తెచ్చిన కట్నకానుకల్ని ఒకాయన మైకు పట్టుకుని, ఊరు పేరుతో, ఇంటి పేరుతో, బంధుత్వంతో సహా గట్టిగా చదువుతాడు. భోజనాల పందిట్లో ఉన్నవాళ్లు కూడా విస్తరి దగ్గర ఆగి వింటారు. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆ మైకు కోటయ్య గారిదే. పేరు చదివితే సంతోషించని మనిషి ఈ భూమ్మీద లేడని ఆయన గట్టి నమ్మకం.

శ్రావణం మొదటి వారంలో ఆర్డర్లు బాగానే వచ్చాయి. అందులో ముఖ్యమైనది వినుకొండ రత్నకుమారి టీచర్ గారిది. ఆమె అక్కడ ఒక బడిలో లెక్కలు చెబుతుంది. అంతకుముందే రెండు చీరలు కొని, నేత నచ్చి, స్టాఫ్ రూములో అందరికీ చెప్పింది. మా దుకాణానికి వచ్చే ఆర్డర్లలో చాలావరకు ఆమె మాట మీద వచ్చేవే. ఈసారి ఆమె ఎర్రంచు కుప్పడం చీర కావాలని రాసింది. కుప్పడం అంటే అంచుకీ ఒంటికీ వేరువేరు నాడెలు, అంటే నూలు కండెని అటూ ఇటూ మోసే చెక్కలు, ఆడించి నేసే చీర, ఇద్దరు మనుషుల పని. లెక్కల టీచరు కాబట్టి ఏదీ ఖాళీ వదలకుండా, నేను పెట్టిన ఆఖరి గడిలో ‘మా అత్తగారు శేషమ్మ గారికి’ అని నింపింది. ఆర్డర్లన్నీ కంప్యూటర్‌లో ఉన్నా, మా పద్ధతి ప్రకారం పద్మ వాటిని ఆర్డర్ల రిజిస్టర్‌లో చేత్తో మళ్లీ ఎక్కించేది.

ఆ రిజిస్టర్ ఒక సాయంత్రం కోటయ్య గారి చేతికి చిక్కింది.

ఆయన చేసిన పనిలో దురుద్దేశం రవ్వంత కూడా లేదు. కొన్నవాళ్లందరి ఫోను నంబర్లూ కలిపి వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టించాడు. తర్వాత రిజిస్టర్ ముందు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఆరు నిమిషాల ఆడియో ఒకటి చదివి అందులో వదిలాడు. "వినుకొండ వాస్తవ్యులు, రత్నకుమారి టీచర్ గారు, తమ అత్తగారైన శేషమ్మ గారి కోసం, ఎర్రంచు కుప్పడం చీర ఒకటి." అలా వరసగా అందరివీ చదివాడు. ఎవరు ఏ ఊరివాళ్లో, ఎవరికి ఏ చీర కొన్నారో, బంధుత్వంతో సహా చెప్పాడు. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. ఆడియో విన్నాను. సంఘానికి మంచి ప్రచారమని చప్పట్లు కొట్టే బొమ్మ కూడా పెట్టాను. ఇది దాచుకోవచ్చు, కానీ గ్రూపులో ఉన్నవాళ్లందరూ చూశారు.

మర్నాడు ఉదయానికి గ్రూపులోంచి సగం మంది వెళ్లిపోయారు. నాలుగో రోజు పదింటికి రత్నకుమారి టీచర్ ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు. చీర తిప్పి పంపుతున్నానని, ఇకమీదట తన నంబరుకి ఏమీ పంపవద్దని చెప్పింది. ఏం జరిగిందని అడిగితే, బోర్డు మీద లెక్క చేసి చూపించినట్టు ఒక్కో మెట్టే చెప్పింది.

ఆమె మామగారు పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి శేషమ్మ గారు బూడిద రంగు, లేత రంగు చీరలే కడుతోంది. ఎవరూ కట్టమనలేదు, ఎవరూ వద్దనలేదు, అలా జరిగిపోయింది. ఆవిడకి మొదటినుంచీ ఎర్రంచంటే ఇష్టమని కోడలికి తెలుసు. ఆ నెలలోనే ఇంట్లో మనవరాలి పెళ్లి. పెళ్లిరోజు పొద్దున చీర అత్తగారి చేతిలో పెడదామని, మేళాల హడావుడిలో ఎవరన్నా గమనించి ఏమన్నా అనేలోపు తలంబ్రాలు కూడా అయిపోతాయని ఆమె పథకం. ఇంతలో కోటయ్య గారి గొంతు చెప్పేసింది. ఆ గ్రూపులో రత్నకుమారి తోడికోడలు కూడా ఉంది. ఆమెకి మా దుకాణం సంగతి చెప్పింది రత్నకుమారే. ఆడియో మర్నాటికల్లా చుట్టాలందరి ఫోన్లలోకీ వెళ్లింది. ఈ వయసులో ఆవిడకి ఎర్రంచు కావలసి వచ్చిందా అని ఎవరో అన్నారు. ఆ మాట శేషమ్మ గారిదాకా వచ్చింది. చీర ఇంటికి చేరాక ఆవిడ పార్శిల్ విప్పనైనా విప్పకుండా కోడలి చేతికి తిరిగి ఇచ్చేసిందట.

"సార్, నేను మీకు చెప్పింది చీర పంపడానికి. ఊరికి చెప్పడానికి కాదు కదండీ," అంది టీచర్.

నాకు సిగ్గేసింది. చదివింది కోటయ్య గారే అయినా, చదవడానికి అక్కడ ఆ మాట ఉండేలా చేసింది నేను. ఆ గడి పెట్టకపోయి ఉంటే ఆయన వినుకొండ వాస్తవ్యులు ఒక చీర కొన్నారని చదివి ఊరుకునేవాడు.

ఆ వారం ఆర్డర్లు దాదాపు ఆగిపోయాయి. వచ్చిన రెండు మూడూ చిత్రంగా ఉండేవి. ఒకావిడ తన పేరు ‘కస్టమర్’ అని, వృత్తి ‘ఉంది’ అని రాసింది. ఇంకొకరు వయసు నూట పన్నెండు అని వేశారు. ఆధార్ గడిలో ఒకాయన పన్నెండు సున్నాలు పెట్టాడు. మా సాఫ్ట్‌వేర్ దానికి ధన్యవాదాలు కూడా చెప్పింది. శ్రావణం సగం గడిచింది. రంగు వేసిన పడుగులు మగ్గాల మీద సిద్ధంగా ఉన్నాయి. మాస్టర్ వీవర్ ఒకాయన పద్మ వీధిలో రెండుసార్లు తిరిగి వెళ్లాడని తెలిసింది.

పద్మ ఒక మధ్యాహ్నం నన్ను కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. దుకాణంలోకి వచ్చినవాళ్లు ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతున్నారో అందులో కనిపిస్తుందట. ఆ సౌకర్యం ఉందని నాకు అప్పుడే తెలిసింది. చీర ఎంచుకుంటున్నారు, రంగు ఎంచుకుంటున్నారు, నా ఫారం దగ్గరికి వచ్చి వెళ్లిపోతున్నారు. కోటయ్య గారి ఆడియో కన్నా ముందునుంచీ అదే తంతు. ఆడియో వచ్చాక మిగిలినవాళ్లు కూడా వెళ్లిపోయారు, అంతే తేడా.

"మా ఇంటి మగ్గం మీద నేసిన చీర నాకే అమ్ముతామన్నా ఈ ఫారం నేను నింపను సార్," అంది పద్మ.

అప్పటికప్పుడు ఆఫీసు నోటు రాశాను. ఏ మార్పుకైనా కార్యదర్శి నోటు రాయాలి, అధ్యక్షుడు ఆమోదించాలి. తండ్రి పేరు, వయసు, వృత్తి, ఆధార్, చీర ఎవరికి, ఈ అయిదూ తొలగించాలని ప్రతిపాదించాను. అప్పటిదాకా నింపిన ఆ వివరాలు కంప్యూటర్‌లోంచి కూడా తీసేయమన్నాను. గ్రూపు రద్దు చేయించాను. కోటయ్య గారు సంతకం పెట్టాడు కానీ నొచ్చుకున్నాడు. "పేరు చదివితే తప్పేంటి సార్? నా జన్మలో ఒక్కరూ వద్దన్లేదే," అన్నాడు. అందుకే ఆయన్ని వెంటబెట్టుకుని వినుకొండ వెళ్దామనుకున్నాను. టీచర్‌కి ఫోన్ చేసి, క్షమాపణ చెప్పడానికి వస్తామన్నాను. ఆమె అత్తగారిని అడిగి చెబుతానంది. కాసేపటికి, "రమ్మన్నారండి. తన పేరు ఎక్కించిన పుస్తకం కూడా తెమ్మన్నారు," అంది.

సంఘం రిజిస్టర్ గడప దాటాలంటే అధ్యక్షుడి అనుమతి కావాలి. అధ్యక్షుడు పక్కనే ఉన్నాడు కాబట్టి అది తేలికే అయింది. చిలకలూరిపేటలో బస్సు మారి, నరసరావుపేట మీదుగా వినుకొండ చేరాం. దారి పొడుగునా మోకాలెత్తు పత్తి, అక్కడక్కడా మిరప నారుమళ్లు. కోటయ్య గారు మామూలుగా బస్సులో పాతిక పెళ్లిళ్ల కబుర్లు చెప్పే మనిషి. ఆ రోజు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

శేషమ్మ గారు మాకు మజ్జిగ ఇప్పించింది. తర్వాత కోటయ్య గారి వైపు తిరిగింది.

"ఆ గొంతు నీదేనా నాయనా?"

ఆయన తల ఊపాడు.

"గొంతు బాగుంది. మా మనవరాలి పెళ్లికి వచ్చి చదువు, కాదనను. అయితే ఒక మాట. పెళ్లిలో చదివించేవాడు నీ దగ్గరికి తనే వచ్చి, పేరు చెప్పి మరీ చదివించుకుంటాడు. నేను నీ దగ్గరికి వచ్చానా?"

కోటయ్య గారు లేదన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నవాళ్లు లేరు. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే లాక్కుంది.

తర్వాత నా వంతు. రిజిస్టర్ తెరిచి ఆవిడ పేరున్న వరస చూపించాను. అది తీసెయ్యమంది. ప్రభుత్వ లెక్కల్లో రిజిస్టర్ పేజీ చింపకూడదు, దిద్దకూడదు, తెల్ల రంగు పూయకూడదు. తప్పుపడితే ఒక్క అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టాలి. కింద ఏముందో ఆడిటర్‌కి కనిపించాలి. ఇదంతా ఆవిడకి వివరించి, గీత గీసి, సంతకం పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"గీత కింద నా పేరు కనబడతానే ఉందిగా."

"రూలు అంతేనమ్మా," అన్నాను.

"నా పేరు ఊరంతా తిరిగినప్పుడు ఈ రూలు ఎక్కడికి పోయింది?"

ఆవిడ వంటింట్లోంచి నాలుగు అన్నం మెతుకులు, పాత నోటుపుస్తకంలోంచి చించిన కాగితం ముక్క తెప్పించింది. మెతుకులు వేలితో నలిపి, ఆ ముక్కని తన పేరు మీద అతికించింది. చివరికి నా ఉద్యోగధర్మం అంతా ఒక్క చోటికి వచ్చి, ఆ కాగితం మీద సగం, పేజీ మీద సగం పడేలా పూర్తి సంతకం పెట్టి తేదీ వేశాను. తర్వాతి ఆడిట్‌లో ఆ పేజీ మీద అభ్యంతరం రానే వచ్చింది. ‘కొనుగోలుదారు కోరిక మేరకు’ అని రాసి పంపాను. మళ్లీ అడగలేదు.

బయల్దేరేటప్పుడు చీర మళ్లీ పంపమంటారా అని టీచర్‌ని అడిగాను. వద్దంది. ఇప్పుడు ఆవిడ ఆ చీర కట్టుకున్నా, పెళ్లికి వచ్చినవాళ్లు చీరని చూడరు, ఆవిడ మొహం చూస్తారంది. పెళ్లి అయిపోయింది. శేషమ్మ గారు ఆ రోజు కూడా లేత రంగే కట్టిందని తర్వాత తెలిసింది. దాన్ని సరిచేసే గీత ఏ రిజిస్టర్‌లోనూ లేదు. కోటయ్య గారిని పెళ్లికి పిలిచారు కానీ ఆయన వెళ్లలేదు.

కొత్త ఫారం పెట్టాక ఆర్డర్లు ఒకటొకటిగా రావడం మొదలైంది. కానీ గడువుకి చాలేట్టు లేవు. శ్రావణం చివరి వారం, జనరల్ బాడీ ఇంకో నాలుగు రోజుల్లో ఉందనగా, మధ్యాహ్నం ఆఫీసు ఫోను మోగింది. పద్మ రెండు మాటలు విని, రిసీవర్ నా చేతికి ఇచ్చింది. అవతల గొంతు పేరు చెప్పలేదు. నేను గుర్తుపట్టాను, గుర్తుపట్టినట్టు మాట్లాడలేదు.

"ఎర్రంచు కుప్పడాలు ఉన్నాయా నాయనా?"

"ఉన్నాయండి."

"ఎవరికని అడగవా?"

"అడగనండి."

"పేరు?"

"పార్శిల్ అందుకోడానికి ఏ పేరు చెబితే ఆ పేరు రాస్తానండి."

నేను పెన్ను తీసి కాగితం దగ్గరికి లాక్కున్నాను.

"అయితే రెండు పంపు," అంది.

వినుకొండలో టీచర్ గారి బడి చిరునామా ఇచ్చింది. మర్నాడు అదే బడి చిరునామాకి ఏడు ఆర్డర్లు వచ్చాయి. జనరల్ బాడీ నాడు పద్మ ఆ ఆర్డర్లు కట్టగా తెచ్చి బల్ల మీద పెట్టింది. గడువు పొడిగించాలన్న తీర్మానం కోటయ్య గారే ప్రతిపాదించాడు. సభ్యుల్లో ఒకాయన ఎవరెవరు కొన్నారో చదవమని అడిగితే, పేర్లు చదవడం కుదరదని, సంఖ్య మాత్రం చెబుతానని అన్నాడు. తీర్మానం నెగ్గి, ఇరవై మగ్గాలూ సంఘంలోనే ఉండిపోయాయి.

తర్వాత శిక్షణ తరగతుల్లో కొత్తగా చేరిన అధికారులు, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ల నమ్మకం ఎలా సంపాదించారని నన్ను అడిగేవారు. కొత్తగా ఏమీ పెట్టలేదు, ఉన్న వాటిలో అయిదు గళ్లు తీసేశామని చెప్పేవాణ్ణి. చీర పంపడానికి చిరునామా చాలు. మిగతావన్నీ మేము అవసరం కొద్దీ అడగలేదు, అలవాటు కొద్దీ అడిగాం. అడిగి రాసుకున్న మాట ఏదో ఒక రోజు ఎవరో ఒకరు చదువుతారు, చదివేవాడు మంచివాడే అయినా సరే. ఆ రెండు చీరలు ఎవరు కట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవలసిన పని కూడా నాకు లేదు.